రెటినోబ్లాస్టోమా ఉన్న బిడ్డ విషయంలో జన్యు పరీక్ష, జన్యు చికిత్స: తల్లిదండ్రులు ఏ అడుగు ఎప్పుడు వేయాలి

పసిబిడ్డ కంటిలో కణితి ఉందని తెలిసిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఫోను పట్టుకుని వెతకడం మొదలుపెడతారు, కాసేపటికే "జన్యు చికిత్స" అన్న మాట కనబడుతుంది. కన్ను తీసేయాలని పగలు డాక్టరు చెప్పిన మాట ఒకవైపు, ఒక్క సూదిమందుతో కన్ను దక్కుతుందన్న కబురు మరొకవైపు ఉన్నప్పుడు, కొన్ని నెలలు ఆగి చూద్దామని అనిపించడం ఏ తల్లికైనా, ఏ తండ్రికైనా సహజం. అయితే కంటిలో ఉన్నంతవరకు దాదాపు పూర్తిగా నయం చేయగలిగిన రెటినోబ్లాస్టోమా అనే ఈ క్యాన్సర్, ఆ కొన్ని నెలల్లోనే కంటినరం వెంట మెదడు వైపు, ఎముక మజ్జలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. అందువల్ల జన్యువుల గురించి ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో, దేనికోసం ఆగకూడదో వరుసగా చెప్పడానికే ఈ వ్యాసం. ఇది రాస్తున్న నాటికి రెటినోబ్లాస్టోమాకు ఆసుపత్రిలో మామూలుగా ఇచ్చే అనుమతి పొందిన జన్యు చికిత్స ఏదీ లేదు; ఉన్నవి ప్రయోగ దశలోని చికిత్సలు. జన్యు పరీక్ష మాత్రం ఈ రోజే అందుబాటులో ఉంది, దానివల్ల కలిగే మేలు చాలా పెద్దది.

మొదట వ్యాధిని నిర్ధారించుకోండి

ఈ వ్యాధిని చాలా ఇళ్లలో మొదట పట్టుకునేది ఫొటో. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగానో నల్లగానో ఉండి, రెండోది తెల్లగా, పాలమీగడ అతికించినట్టు మెరుస్తుంది. మసక వెలుతురులో బిడ్డ ఒక పక్కకు చూసినప్పుడు పిల్లి కన్నులా మెరిసిందని అమ్మమ్మలు, నానమ్మలు చెబుతారు. మెల్లకన్ను కూడా తొలి గుర్తు కావచ్చు. మెల్లకన్ను అదృష్టమనీ, పెద్దయ్యాక అదే సర్దుకుంటుందనీ ఎవరైనా అంటే వినకండి. తెల్లటి మెరుపు శుక్లం వల్ల గానీ, కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాకు వచ్చే వ్యాధుల వల్ల గానీ రావచ్చు కాబట్టి ముందే గుండె చెదరనక్కర్లేదు, కానీ వారం రోజుల్లోపు కంటి డాక్టరు చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూడటం తప్పనిసరి. బిడ్డ ఏ ఫొటోలో అలా కనిపించిందో ఆ ఫొటోను చెరిపేయకుండా ఉంచండి; పాత ఫొటోలు కూడా వెతికి తీసుకెళ్తే మెరుపు ఎన్నాళ్ల క్రితం మొదలైందో డాక్టరుకు అర్థమవుతుంది.

అనుమానం బలపడితే బిడ్డకు మత్తు ఇచ్చి రెండు కళ్లనూ పూర్తిగా పరీక్షిస్తారు, కంటి అల్ట్రాసౌండ్ తీస్తారు, కంటినరాన్నీ మెదడునూ చూడటానికి ఎమ్మారై చేయిస్తారు. సీటీ స్కాన్‌ను వీలైనంతవరకు మానుకుంటారు, ఎందుకంటే పుట్టుకతో జన్యులోపం ఉన్న పిల్లలకు ఆ కిరణాలు మరో క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ఇతర కణితుల్లో చేసినట్టు సూది గుచ్చి ముక్క తీసి పరీక్షించడం ఇక్కడ చేయరు, అలా చేస్తే కంటిలో మూసి ఉన్న క్యాన్సర్‌కు బయటికి దారి తెరిచినట్టవుతుంది. ఈ సంగతి తెలియనిచోట బయాప్సీ చేద్దామని ఎవరైనా అంటే అక్కడితో ఆగి, కంటి క్యాన్సర్ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ, చెన్నైలోని శంకర నేత్రాలయలోనూ, మదురైలోని అరవింద్‌లోనూ, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ ఈ వ్యాధికి చికిత్స చేసే బృందాలు ఉన్నాయి. తెలుగు కుటుంబాలకు ఇది నిజంగా అదృష్టమే, ఎందుకంటే సుమారు 15,000 నుంచి 20,000 జననాల్లో ఒకరికి మాత్రమే వచ్చే ఈ వ్యాధిని తరచుగా చూసిన చేతులు ప్రపంచంలో చాలాచోట్ల లేవు.

రెండు జన్యు కళ్లేల లెక్క అర్థం చేసుకోండి

జన్యు పరీక్ష ఎందుకో తెలియాలంటే ఒక్క జన్యువు గురించి తెలిస్తే చాలు. దాని పేరు ఆర్‌బి1. పదమూడో క్రోమోజోముపై ఉంటుంది, కణాలు అడ్డూ అదుపూ లేకుండా విభజన చెందకుండా కళ్లెంలా పట్టి ఉంచుతుంది. ప్రతి కణంలోనూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఇలాంటి కళ్లేలు రెండు ఉంటాయి. ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. రెండూ తెగిన రెటీనా కణం కణితిగా మారుతుంది. రెండు దెబ్బలు తగిలితేనే ఈ వ్యాధి వస్తుందని అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లో రోగుల వయసులను, కణితుల సంఖ్యను లెక్కవేసి ఊహించాడు. జన్యువు 1986లో దొరికాక ఆయన లెక్క సరైనదేనని తేలింది.

కొందరు పిల్లల్లో మొదటి కళ్లెం పిండం తొలి దశలోనే, లేదా అంతకుముందే తెగిపోయి ఉంటుంది. అలాంటి బిడ్డ ఒంట్లోని కణాలన్నిటికీ ఒక్క కళ్లెమే మిగులుతుంది కాబట్టి రెండు కళ్లలోనూ, చిన్న వయసులోనే, ఒకటికి మించి కణితులు రావచ్చు. ఇది వంశపారంపర్య రకం. మొత్తం పిల్లల్లో దాదాపు 40 శాతం ఈ రకానికి చెందుతారు. మిగతా పిల్లల్లో రెండు దెబ్బలూ ఒకే ఒక్క రెటీనా కణంలో పడతాయి, ఒంట్లోని మిగతా కణాలు మామూలుగానే ఉంటాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో బిడ్డకు ఇలాంటి జబ్బు వస్తే మేనరికం చేసుకున్నందుకని కొందరు, గ్రహణం రోజు బయట తిరిగినందుకని మరికొందరు తల్లినే తప్పుపడతారు. మేనరికం వల్ల కొన్ని జబ్బులు పెరిగే మాట నిజమే అయినా, ఈ వ్యాధిలో పుట్టుకతో వచ్చేది ఒక్కవైపు లోపమే, రెండో దెబ్బ తరువాత కంటిలో పడుతుంది కాబట్టి దానికీ మేనరికానికీ సంబంధం లేదు, గ్రహణానికి అసలే లేదు. వంశపారంపర్య రకమే అయినా ఎక్కువ మంది పిల్లల తల్లిదండ్రుల్లో ఎవరికీ ఆ లోపం ఉండదు, అది కొత్తగా పుట్టినదై ఉంటుంది. అలా కొత్తగా పుట్టిన లోపాల్లో చాలావరకు తండ్రి వైపు క్రోమోజోముపైనే కనబడతాయని పరిశోధనలు చూపాయి. తండ్రిని తప్పుపట్టడానికి కాదు ఈ మాట చెప్పడం. శరీరంలో కణాలు విభజన చెందేటప్పుడు జరిగే పొరపాటు మీద ఏ మనిషికీ అదుపు లేదని, ఆ తల్లిని నిందించడం ఇవాళే ఆపాలని చెప్పడానికి.

ఆపరేషన్‌కు ముందే జన్యు పరీక్ష గురించి అడగండి

ఈ మొత్తం దారిలో కుటుంబాలు ఎక్కువగా పోగొట్టుకునే అవకాశం ఇదే. రెండు కళ్లలోనూ కణితి ఉంటే బిడ్డ రక్తం కొద్దిగా తీసి ఆర్‌బి1 పరీక్షకు పంపితే సరిపోతుంది. ఒక కంటిలోనే ఉంటే సంగతి వేరు. అలాంటి పిల్లల్లో సుమారు 15 శాతం మందికి వంశపారంపర్య లోపం ఉంటుంది, కానీ రక్తం ఒక్కటే చూస్తే కొన్నిసార్లు అది చిక్కదు. ముందు కణితిలోని రెండు లోపాలనూ కనిపెట్టి, ఆ రెండింటిలో ఏదైనా రక్తంలో కూడా ఉందా అని వెతికితే జవాబు నమ్మకంగా వస్తుంది. దానికి కణితి కావాలి. తీసిన కన్ను చెడిపోకుండా మామూలుగా ఫార్మాలిన్ అనే ద్రవంలో వేస్తారు, ఫార్మాలిన్‌లో పడిన కణజాలంలోని డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. కాబట్టి ఆపరేషన్ తేదీ ఖరారైన రోజే డాక్టరును ఇలా అడగండి: "డాక్టరుగారూ, పాథాలజీ పరీక్షకు ఇబ్బంది లేకుండా కణితిలో చిన్న ముక్కను జన్యు పరీక్ష కోసం తాజాగా తీసి, గడ్డకట్టించి ఉంచగలరా?" ఈ ఒక్క ప్రశ్న ఆపరేషన్ అయిపోయాక అడిగితే ప్రయోజనం ఉండదు. పరీక్ష ఖర్చు ఆరోగ్యశ్రీలో గానీ, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి. రాకపోతే ఆసుపత్రి సామాజిక కార్యకర్తను కలిస్తే దాతల నిధుల గురించి చెబుతారు.

ఫలితం వచ్చాక దాన్ని జెనెటిక్ కౌన్సిలర్ (జన్యు విషయాల్లో సలహా ఇచ్చే నిపుణుడు) దగ్గర కూర్చుని చదివించుకోండి. రక్తంలో లోపం లేదని నమ్మకంగా తేలితే తమ్ముళ్లను, చెల్లెళ్లను మళ్లీ మళ్లీ మత్తు ఇచ్చి పరీక్షించాల్సిన పని తప్పుతుంది. లోపం ఉందని తేలితే అదే లోపం కోసం తల్లిదండ్రులకు, తోబుట్టువులకు రక్త పరీక్ష చేసి, ఉన్నవారిని మాత్రమే గమనిస్తారు. తల్లిదండ్రుల రెటీనాను కూడా ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే ఎప్పుడో దానంతట అదే ఆగిపోయిన కణితి మచ్చ పెద్దవారి కంటిలో దొరకడం అప్పుడప్పుడూ జరుగుతుంది. లోపం ఉన్న మనిషి నుంచి ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం. మళ్లీ గర్భం దాల్చాలనుకునే దంపతులు ముందే కౌన్సిలర్‌ను కలిస్తే ఉమ్మనీటి పరీక్ష గురించి, ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి ఎంచుకోవడం గురించి వివరిస్తారు. గర్భస్థ పరీక్షల చట్టం కింద నమోదైన కేంద్రాల్లో జన్యువ్యాధుల పరీక్ష చట్టబద్ధమే. బిడ్డ ఆడో మగో చెప్పడమే నేరం. ముప్పు ఉందని తెలిసిన బిడ్డకు పుట్టిన తొలి రోజుల్లోనే కళ్లు చూపించి, తొలి నెలల్లో కొద్ది వారాలకోసారి చూపిస్తూ ఉంటే, కణితి ఆవగింజంత ఉండగానే లేజరుతో కాల్చేయవచ్చు. అన్నకు కన్ను పోయినా తమ్ముడికి చూపు మిగిలేది ఇలాగే. నా దృష్టిలో జన్యుశాస్త్రం ఈ వ్యాధిలో ఇప్పటివరకు ఇచ్చిన అతి పెద్ద వరం ఈ రక్త పరీక్షే.

ఉన్న చికిత్సను ఆపకండి

జన్యు చికిత్స కోసం ఎదురుచూస్తూ కీమోథెరపీని గానీ, ఆపరేషన్‌ను గానీ వాయిదా వేయకూడదు. వ్యాధి కంటిలో ఎంత వ్యాపించిందన్న దాన్ని బట్టి ఇంగ్లిషు అక్షరాలతో A నుంచి E వరకు గ్రూపులుగా చెబుతారు. మీ బిడ్డ ఏ కంటికి ఏ గ్రూపో కాగితం మీద రాయించుకోండి. చిన్న కణితులకు లేజరు, గడ్డకట్టించే క్రయో చికిత్స సరిపోతాయి. పెద్దవాటికి విన్‌క్రిస్టిన్, ఎటోపొసైడ్, కార్బోప్లాటిన్ మందులను మూడు నాలుగు వారాలకోసారి, తరచుగా ఆరు విడతలుగా సెలైన్‌లో ఇస్తారు. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టాన్ని కంటి ధమని దాకా పంపి మెల్ఫలాన్ మందును నేరుగా అందించే పద్ధతి కూడా ఉంది. కన్ను పూర్తిగా పాడై, క్యాన్సర్ బయటికి పాకే ముప్పు ఉన్నప్పుడు కన్ను తీయడమే బిడ్డను బతికించే చికిత్స. ఆ తరువాత అమర్చే కృత్రిమ కన్ను పక్క కన్నుతో కలిసి కొంతవరకు కదులుతుంది. బడికి వెళ్లే వయసు వచ్చేసరికి తోటి పిల్లలు గుర్తుపట్టనంత సహజంగా ఉంటుంది. వైద్యం సకాలంలో అందే దేశాల్లో ఈ పిల్లల్లో 95 శాతానికి పైగా బతుకుతున్నారు.

జన్యు చికిత్సకు చోటు ఎక్కడుందో తెలియాలంటే ఇంకొక్క సంగతి చూడాలి. కంటి లోపల గుడ్డులోని తెల్లసొనలాంటి పదార్థం ఉంటుంది, దాన్ని విట్రియస్ అంటారు. కణితి నుంచి రాలిన కణాలు దుమ్ములా, ముత్యాల్లా ఆ జిగురులో తేలుతూ ఉంటాయి. వీటిని విట్రియస్ సీడ్స్ అంటారు. అక్కడ రక్తనాళాలు లేవు కాబట్టి సెలైన్‌లో ఇచ్చిన కీమో వాటికి సరిగ్గా చేరదు. చాలా ఏళ్లపాటు కన్ను తీయడానికి పెద్ద కారణం ఇవే. కంటిలోకి సూది గుచ్చితే క్యాన్సర్ బయటికి వస్తుందన్న భయం వల్ల నేరుగా మందు ఇవ్వడానికీ వెనుకాడేవారు. స్విట్జర్లాండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ మునియే 2012లో ప్రచురించిన పద్ధతిలో ముందు కంటిలోని ఒత్తిడి తగ్గించి, కణితి లేని చోట అతి సన్నటి సూదితో మెల్ఫలాన్ ఇచ్చి, సూది బయటికి తీసేటప్పుడు గుచ్చిన చోటును క్రయోతో పదేపదే గడ్డకట్టించి ఆ దారిలో ఏ కణమూ బతకకుండా చేస్తారు. ఇప్పుడు మన దేశంలోనూ ఈ పద్ధతి వాడుకలో ఉంది. కాబట్టి డాక్టరు "సీడ్స్ ఉన్నాయి" అంటే జన్యు చికిత్స కంటే ముందు అడగాల్సింది ఈ మెల్ఫలాన్ ఇంజక్షన్ గురించి.

ప్రయోగ దశలోని జన్యు చికిత్స ఏమిటో తెలుసుకోండి

తెగిన ఆర్‌బి1 స్థానంలో మంచి జన్యువును పెడితే సరిపోదా అని అందరూ అడుగుతారు. చూపు తగ్గే కొన్ని పుట్టుకతో వచ్చే రెటీనా జబ్బుల్లో అలా చేస్తున్నారు. ఆర్‌పీఈ65 జన్యులోపానికి లక్స్‌టర్నా అనే చికిత్సను అమెరికా 2017 డిసెంబరులో అనుమతించింది. అక్కడ కొన్ని కణాలు బాగుపడినా చూపు మెరుగవుతుంది. క్యాన్సర్‌లో ఒక్క కణం తప్పించుకున్నా మళ్లీ పెరుగుతుంది. అందువల్ల లక్స్‌టర్నా వార్త చూసి మన బిడ్డకూ పనికొస్తుందని అనుకోకండి. అది ఈ వ్యాధికి మందు కాదు.

రెటినోబ్లాస్టోమాలో పరిశోధకులు జన్యువును బాగుచేయడానికి బదులు కణితినే చంపే దారి పట్టారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో రిచర్డ్ హర్విట్జ్, ప్యాట్రీషియా చేవెజ్ బ్యారియోస్ బృందం జలుబు తెచ్చే అడినోవైరస్‌ను వ్యాధి కలిగించకుండా మార్చి, దానిలో హెర్పిస్ వైరస్‌కు చెందిన థైమిడిన్ కైనేజ్ జన్యువును పెట్టి విట్రియస్‌లోకి ఇచ్చింది. ఆ జన్యువు చేరిన కణితి కణం, తరువాత సెలైన్‌లో ఇచ్చే గాన్‌సైక్లోవిర్ మందును తనలోనే విషంగా మార్చుకుని చస్తుంది. ఇతర చికిత్సలకు లొంగని ఎనిమిది మంది పిల్లలపై చేసిన ఈ తొలి దశ ప్రయోగం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. అతి తక్కువ మోతాదు తీసుకున్న బిడ్డలో ఫలితం కనబడలేదు; ఎక్కువ మోతాదు తీసుకున్న ఏడుగురిలోనూ సీడ్స్ కరిగాయి, మోతాదు పెరిగేకొద్దీ కంటిలో వాపు, ఒత్తిడి కూడా పెరిగాయి. సూది దారిలో క్యాన్సర్ బయటికి పాకిన దాఖలా ఎవరిలోనూ లేదు. 38 నెలల తరువాత కూడా విట్రియస్‌లో చురుకైన కణితి లేనిది మాత్రం ఒక్క బిడ్డకే. ఈ చివరి వాక్యాన్ని మళ్లీ చదవండి, ఎందుకంటే వార్తల్లో మొదటి సగమే ఎక్కువగా కనబడుతుంది.

రెండో దారి స్పెయిన్‌లోని బార్సిలోనాలో, సాన్ జోన్ డి డేయు పిల్లల ఆసుపత్రిలో మొదలైంది. వీసీఎన్-01 అనే మార్చిన అడినోవైరస్ ఆర్‌బి1 కళ్లెం తెగిన కణాల్లోనే పెరిగి వాటిని పగలగొట్టేలా తయారైంది. అంటే వ్యాధికి కారణమైన లోపమే ఈ వైరస్‌కు గుర్తు. విట్రియస్‌లోని హయలురోనిక్ ఆమ్లపు జిగురును కరిగించే ఎంజైము జన్యువు కూడా దీనిలో ఉంది. ఎలుకల్లోనూ, కీమోకు లొంగని తొలి ఇద్దరు పిల్లల్లోనూ కనబడిన ఫలితాలను ఈ బృందం 2019లో ప్రచురించింది, ప్రయోగం ఆ తరువాత కొనసాగింది. ఈ ప్రయోగంలో చేర్చుకున్నది కన్ను తీయడం తప్ప వేరే దారి మిగలని పిల్లలనే. ఈ సంగతి చాలా ముఖ్యం: జన్యు చికిత్స వైపు వెళ్లినా మామూలు చికిత్స దాటుకునే వెళ్లాలి.

ప్రయోగంలో చేర్చాలనుకుంటే

సొంతంగా దేశాలు దాటే ముందు మీ కంటి క్యాన్సర్ డాక్టరుతోనే మాట్లాడండి. ఈ వ్యాధికి చికిత్స చేసే డాక్టర్లు ప్రపంచమంతటా ఒకరికొకరు తెలిసినవారే, వారు రాసే ఒక్క ఉత్తరం మీరు చేసే పది ప్రయత్నాలకు సమానం. పంపడానికి మత్తులో తీసిన రెటీనా ఫొటోలు, ఎమ్మారై డిస్కు, పాథాలజీ నివేదిక, జన్యు పరీక్ష ఫలితం, ఇచ్చిన మందుల తేదీలు, మోతాదులు ఒక ఫైలులో సిద్ధం చేసుకోండి. మన దేశంలో జరిగే ప్రయోగాలన్నీ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. సీటీఆర్‌ఐ నంబరు అడిగి, ఆ వెబ్‌సైటులో మీరే వెతికి చూసుకోండి. నంబరు చెప్పలేని చోట, స్టెమ్ సెల్స్‌తోనో జీన్ ఇంజక్షన్‌తోనో నయం చేస్తామని లక్షలు అడిగే చోట ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. నిజమైన ప్రయోగంలో పరీక్షిస్తున్న మందుకు తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోరు.

సమ్మతి పత్రం మీకు వచ్చిన భాషలో ఉండాలి. తెలుగులో అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి, మరునాడు ప్రశ్నలతో వెళ్లండి. ఇది ఎన్నో దశ ప్రయోగం, ఇప్పటివరకు ఎంతమంది పిల్లలకు ఇచ్చారు, వారిలో ఎన్ని కళ్లు మిగిలాయి, చూపు ఎంత ఉంది, ఎవరికైనా క్యాన్సర్ కంటి బయటికి పాకిందా, పని చేయకపోతే ఏ తేదీలోపు కన్ను తీస్తారు అని అడగండి. అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఆఖరుదే. తొలి దశ ప్రయోగం ప్రధానంగా మందు సురక్షితమా, ఎంత మోతాదు తట్టుకోగలరు అని చూడటానికి చేస్తారు, నయం చేస్తామన్న హామీ అందులో ఉండదు. ప్రయోగం వల్ల బిడ్డకు హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం అందించాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ప్రయోగాల నిబంధనలు చెబుతున్నాయి; ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు కూడా మీకుంది, తప్పుకున్నందుకు మామూలు చికిత్స ఆపకూడదు.

చికిత్స ముగిశాక

వంశపారంపర్య లోపం ఉన్న బిడ్డకు కంటి చికిత్స ముగిసినా గమనింపు ముగియదు. పెరిగే వయసులో ఎముక క్యాన్సర్, కండరాల కణితులు, ఆ తరువాత చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. ఒకే చోట వారాల తరబడి తగ్గని నొప్పి, గడ్డ, కుంటడం కనబడితే ఆటలో దెబ్బ తగిలిందని సరిపెట్టుకోకుండా చూపించాలి. ఎక్స్‌రే, సీటీ రాసే ప్రతి డాక్టరుకూ ముందుగా ఈ లోపం సంగతి చెప్పాలి. ఒక్క కన్నే మిగిలిన బిడ్డకు పవరు లేకపోయినా పగలని పాలీకార్బొనేట్ కళ్లద్దాలు ఎప్పుడూ పెట్టించాలి, బడిలో టీచరుకు ఆ కారణం వివరించాలి.

చివరిగా ఆ జన్యు పరీక్ష కాగితం. దాని మీద ఆర్‌బి1లో ఏ చోట ఏ మార్పు ఉందో అక్షరాలు, అంకెల్లో ఒక వరుస ఉంటుంది. మీకు అర్థం కాకపోయినా పారేయకండి, దాని నకలు ఆసుపత్రి ఫైలులో ఒకటి, ఇంట్లో ఒకటి, ఫోనులో ఫొటోగా ఒకటి ఉంచండి. ఇవాళ ఒళ్లో ఉన్న బిడ్డ ఇరవై ఏళ్ల తరువాత తన పెళ్లి గురించి, తన పిల్లల గురించి ఆలోచించే రోజున డాక్టరు ముందుగా అడిగేది ఆ వరుసనే. అప్పటికి మీరు ఆ కాగితాన్ని చేతికిచ్చి, అది ఏమిటో కూర్చోబెట్టి చెప్పి ఉండాలి.